ప్లాంట్ సర్వర్‌లోకి కోడ్‌తో విలువలు రాయాలంటే ఏ దారి పట్టాలి?

పీఎల్‌సీ (మెషిన్లను నడిపే చిన్న పారిశ్రామిక కంప్యూటర్) నుంచి విలువలు చదివే ప్రోగ్రాంలో తప్పుంటే రిపోర్టు తప్పొస్తుంది, మర్నాడు దిద్దుకోవచ్చు. రాసే ప్రోగ్రాంలో తప్పుంటే మోటారు తిరుగుతుంది, వాల్వు తెరుచుకుంటుంది, బ్యాచ్ మొత్తం పోతుంది. "ఎలాగూ కనెక్షన్ ఉంది, డేటా వస్తోంది, అదే దారిలో వెనక్కి కూడా పంపేద్దాం" అని మీటింగుల్లో తేలిగ్గా అనేస్తుంటారు. చదవడానికి హాయిగా పనిచేసిన దారి రాయడానికీ పనికొస్తుందని ముందే అనుకోకండి.

మన వైపు ఈ అవసరం రకరకాల చోట్ల ఎదురవుతుంది. కృష్ణపట్నం పోర్టు పక్కన పంటపాళెం వైపున్న నూనె రిఫైనరీల్లాంటి పెద్ద ప్లాంట్లలో ఆఫీసు సాఫ్ట్‌వేర్ నుంచి బ్యాచ్ వివరాలు కంట్రోల్ సిస్టమ్‌లోకి వెళ్లాలి. రొయ్యల మేత మిల్లులో ఏ రెసిపీకి సోయా ఎంత, చేపపొడి ఎంత అన్న తూకాలు వెళ్లాలి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లకు ఆక్సిజన్ హద్దులు పంపాలి. చీమకుర్తిలో గ్రానైట్ కటింగ్ యూనిట్ యజమాని రాయి గట్టిదనాన్ని బట్టి మెషిన్ వేగం కంప్యూటర్ నుంచే మార్చాలంటాడు. ఈ నాలుగింటికీ ఒకే మందు లేదు.

ఎంచుకునే ముందు నేను అడిగే ప్రశ్నలు రెండే. రాసిన విలువ మెషిన్ దాకా చేరిందని మనకు ఎవరు చెబుతారు? మధ్యలో కరెంటో నెట్‌వర్కో పోతే మెషిన్ ఏ విలువతో నడుస్తుంది? లైబ్రరీ సులువా కష్టమా, పైథానా డాట్‌నెటా అన్నవి ఆ తర్వాతి సంగతి.

కొత్త పీఎల్‌సీ ఉంటే ఓపీసీ యూఏ

గత కొన్నేళ్లలో కొన్న పీఎల్‌సీ అయితే అందులోనే ఓపీసీ యూఏ (వేర్వేరు కంపెనీల పరికరాలు, ప్రోగ్రాంలు డేటా ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి పద్ధతి) సర్వర్ ఉండే అవకాశం ఎక్కువ. లేకపోతే కెప్‌సర్వర్ లాంటి సాఫ్ట్‌వేర్ మధ్యలో పెట్టి పాత పీఎల్‌సీలను దాని కిందికి తెచ్చుకోవచ్చు. యూఏ అనేది ఐఈసీ 62541 ప్రమాణం. మామూలుగా 4840 పోర్టు మీద నడుస్తుంది, కెప్‌సర్వర్ అయితే 49320. కోడ్ రాయడానికి పైథాన్‌లో అసింక్‌యూఏ, డాట్‌నెట్‌లో ఓపీసీ ఫౌండేషన్ వాళ్ల సొంత లైబ్రరీ, జావాలో మైలో, సీ భాషలో ఓపెన్62541 ఉన్నాయి. అన్నీ ఉచితంగా దొరుకుతాయి, అన్నీ పనిచేస్తాయి. మీ టీంలో ఎవరికి ఏ భాష వస్తే అది తీసుకోండి, దాని మీద వారం రోజుల చర్చ అక్కర్లేదు.

యూఏని ముందు పెట్టడానికి నాకున్న కారణం, అది రాయడాన్ని సీరియస్‌గా తీసుకుంటుంది. ఏ యూజర్ ఏ ట్యాగ్ (పీఎల్‌సీలో పేరున్న ఒక విలువ) రాయొచ్చో సర్వర్ లోనే పెట్టొచ్చు. సర్టిఫికెట్లు, ఎన్‌క్రిప్షన్ ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీరు ఇరవై ట్యాగ్‌లు ఒకేసారి రాస్తే ఇరవైకీ విడివిడిగా జవాబు ఇస్తుంది. ఇక్కడే చాలామంది జారిపోతారు. కాల్ మొత్తంగా విజయవంతం అయిందని చూసుకుని ముందుకెళ్లిపోతారు, లోపల పదిహేడోది తిరస్కరణకు గురైందని చూడరు. యూఏ ప్రమాణం ప్రకారమే కొన్ని రాయబడి కొన్ని రాయబడకపోవచ్చు. రాసినవాటిని వెనక్కి తిప్పే బాధ్యత సర్వర్‌ది కాదు, మీ ప్రోగ్రాంది. మేత మిల్లు రెసిపీలో సోయా తూకం కొత్తది, చేపపొడి తూకం పాతది మిగిలిపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

మొదటిసారి రాయబోయేవాళ్లకు ఎదురయ్యే ఎర్రర్లు కూడా దాదాపు ఒకే వరసలో వస్తాయి. ముందు బ్యాడ్ టైప్ మిస్‌మ్యాచ్. పైథాన్‌లో 45 అని రాస్తే అసింక్‌యూఏ దాన్ని 64 బిట్ల పూర్ణాంకంగా పంపుతుంది, 45.0 అని రాస్తే డబుల్‌గా పంపుతుంది. పీఎల్‌సీలో ఉన్నదేమో 16 బిట్ల ఇంట్ లేదా 32 బిట్ల రియల్. యూఏ తనంతట తాను మార్చుకోదు, తిప్పికొడుతుంది. ప్రోగ్రాం మొదలవగానే ప్రతి నోడ్ (యూఏలో ట్యాగ్‌ను ఇలా అంటారు) డేటా టైప్ ఒకసారి చదివి పెట్టుకుని, రాసేటప్పుడు ఆ టైప్‌లోకి మార్చి పంపితే ఈ గొడవ తీరిపోతుంది. అది దాటాక బ్యాడ్ రైట్ నాట్ సపోర్టెడ్ వస్తుంది. విలువతో పాటు టైంస్టాంపు కూడా పంపితే కొన్ని సర్వర్లు ఒప్పుకోవు. ఉత్త విలువ మాత్రమే పంపండి, స్టేటస్, టైంస్టాంపు ఖాళీగా వదిలేయండి. మూడోది అనుమతుల ఎర్రర్. ట్యాగ్‌కే రాసే హక్కు లేదా, లేక మీ యూజర్‌కు లేదా అన్నది నోడ్‌లోని యాక్సెస్ లెవెల్, యూజర్ యాక్సెస్ లెవెల్ రెండూ చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో చిన్న విషయం. నోడ్ ఐడీలో ఉండే నేమ్‌స్పేస్ నంబరును (ఆ నోడ్ ఏ పేర్ల గుంపులోదో చెప్పే అంకెను) కోడ్‌లో గట్టిగా రాసేయకండి. సర్వర్ అప్‌గ్రేడ్ అయినప్పుడు 3 కాస్తా 4 అవ్వొచ్చు. నేమ్‌స్పేస్ పూర్తి పేరు ఇచ్చి నంబరు అడిగి తెచ్చుకోవడం రెండు లైన్ల పని.

గుడ్ అని వచ్చినంత మాత్రాన

సర్వర్ నుంచి గుడ్ అని జవాబొస్తే పని అయిపోయిందనుకుంటాం. సర్వర్ పీఎల్‌సీ లోనే ఉంటే అది దాదాపు నిజమే. మధ్యలో కెప్‌సర్వర్ లాంటి గేట్‌వే సాఫ్ట్‌వేర్ ఉంటే, రిజిస్టర్ పోస్టు అందినట్టు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సంతకం పెట్టినట్టు ఉంటుంది వ్యవహారం. కవరు ఇంట్లోకి వెళ్లిందో లేదో ఆ సంతకం చెప్పదు. యూఏలో దీనికోసం విడిగా ఒక స్టేటస్ కోడ్ కూడా ఉంది, గుడ్ కంప్లీట్స్ అసింక్రనస్‌లీ అని. మధ్యవర్తి తీసుకున్నాడు, అసలు పరికరంలో పడిందో లేదో తెలీదు అని దానర్థం. మీ కోడ్ దాన్ని మామూలు గుడ్‌తో కలిపేస్తే ఆ సమాచారం వృథా.

ఏ దారి ఎంచుకున్నా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. సెట్‌పాయింట్‌ను (మెషిన్ పట్టుకోవాల్సిన లక్ష్య విలువను) పీఎల్‌సీ వాడే అసలు ట్యాగ్‌లోకి నేరుగా రాయకండి. పీఎల్‌సీలో కొన్ని ట్యాగ్‌లు ఇన్‌బాక్స్‌లాగా పెట్టించుకోండి. కోడ్ ముందు విలువలన్నీ అక్కడ రాస్తుంది, చివరగా ఒక వరస నంబరు పెంచి రాస్తుంది. నంబరు మారిందని చూసిన పీఎల్‌సీ, విలువలు హద్దుల్లో ఉన్నాయో లేదో తనే తనిఖీ చేసి, బాగుంటే అన్నిటినీ ఒకేసారి లోపలికి తీసుకుని, అదే నంబరును, ఫలితాన్ని వేరే ట్యాగ్‌లో తిరిగి చూపిస్తుంది. ఆ నంబరు తిరిగొచ్చే దాకా మీ ప్రోగ్రాం పని అయినట్టు లెక్కపెట్టకూడదు. చాలామంది నంబరు బదులు ఒక బిట్ వాడతారు, ఒకటి చేసి మళ్లీ సున్నా చేస్తారు. మధ్యలో కనెక్షన్ తెగితే బిట్ ఒకటి దగ్గరే ఉండిపోతుంది, అందుకని నేను నంబరునే ఇష్టపడతాను. సగం రాయబడిన రెసిపీ సమస్య కూడా దీంతో పోతుంది, ఎందుకంటే చివరి నంబరు పడేదాకా పీఎల్‌సీ దేన్నీ ముట్టుకోదు. అయితే విలువలు ఒక కాల్‌లో, నంబరు తర్వాతి కాల్‌లో పంపండి. అన్నీ ఒకే కాల్‌లో కుక్కితే ఏది ముందు పడుతుందో గ్యారంటీ లేదు.

దీంతో పాటు హార్ట్‌బీట్. మీ ప్రోగ్రాం సెకనుకోసారి ఒక అంకె పెంచుతూ ఉండాలి. పది సెకన్లు అది కదలకపోతే పీఎల్‌సీ తన సొంత సెట్‌పాయింట్‌కు వెళ్లిపోవాలి. ఎమర్జెన్సీ స్టాప్, సేఫ్టీ ఇంటర్‌లాక్‌లు మాత్రం ఈ దారుల్లో దేనిలోనూ రావు, రాకూడదు. వాటికి వైరింగే.

పాత ఓపీసీ డీఏ మాత్రమే ఉంటే

ఓపీసీ తొలి స్పెసిఫికేషన్ 1996లో వచ్చింది. ఆ డీఏ (డేటా యాక్సెస్) విండోస్‌లో ప్రోగ్రాంలు మాట్లాడుకునే కామ్, నెట్‌వర్క్ మీద అదే పని చేసే డీకామ్ మీద ఆధారపడింది. పాత స్కాడా (ప్లాంటును స్క్రీన్ మీద చూపించి నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న ప్లాంట్లలో ఇవాళ్టికీ అదే నడుస్తోంది, నడవనివ్వండి. అయితే కొత్తగా రాసే ప్రోగ్రాంను వేరే కంప్యూటర్‌లో పెట్టి, నెట్‌వర్క్ మీదుగా డీకామ్‌తో రాయించాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. డీకామ్ 135 పోర్టుతో మొదలై తర్వాత వేలకొద్దీ పోర్టుల్లో ఏదో ఒకటి వాడుతుంది, ఫైర్‌వాల్ పెట్టేవాడికి నరకం. దానికి తోడు మైక్రోసాఫ్ట్ డీకామ్ భద్రతను దశలవారీగా బిగించి 2023 మార్చి నుంచి తప్పనిసరి చేసింది. ఒక వైపు అప్‌డేట్ అయిన విండోస్, ఇంకో వైపు ఎక్స్‌పీ కాలం నాటి సర్వర్ ఉంటే రాత్రికి రాత్రి కనెక్షన్ ఆగిపోయే ప్రమాదం ఉంది. అప్‌డేట్లు ఆపేసి నెట్టుకొద్దాం అనేవాళ్లూ ఉంటారు. రాసే హక్కున్న కంప్యూటర్‌ను అలా వదిలేయడం నాకు నచ్చదు.

డీఏ తప్పనిసరైతే ప్రోగ్రాంను సర్వర్ ఉన్న కంప్యూటర్‌లోనే నడపండి. అప్పుడు డీకామ్ అవసరం రాదు, మామూలు కామ్ చాలు. పాత డీఏ భాగాలు చాలావరకు 32 బిట్లవి కాబట్టి మీ పైథాన్ కూడా 32 బిట్లదే అయితే తలనొప్పి తగ్గుతుంది. ఇంకా మంచిది, ఆ కంప్యూటర్‌లో డీఏని యూఏగా మార్చి చూపించే గేట్‌వే ఒకటి పెట్టి, మీ కోడ్‌ను యూఏకే రాయడం. రేపు పాత సర్వర్ తీసేసినా మీ కోడ్ పెద్దగా మారదు.

మోడ్‌బస్: చిన్న ప్యానెల్‌కు చాలు, కానీ కళ్లు తెరుచుకుని

గ్రానైట్ యూనిట్‌లో ఒక వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్), పారాబాయిల్డ్ రైస్‌మిల్లులో రెండు టెంపరేచర్ కంట్రోలర్లు, అంతే ఉన్నాయనుకోండి. దానికోసం ఓపీసీ సర్వర్ లైసెన్సు కొనమని నేను చెప్పను. 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చిన మోడ్‌బస్ ప్రోటోకాల్ ఇప్పటికీ దాదాపు ప్రతి పరికరంలో ఉంటుంది. పైథాన్‌లో పైమోడ్‌బస్ పెట్టుకుని 502 పోర్టు మీద నేరుగా రాసేయొచ్చు. ఒక రిజిస్టర్ (పరికరంలో ఒక విలువ ఉండే గడి) రాయడానికి ఫంక్షన్ కోడ్ 6, వరసగా చాలా రాయాలంటే 16. రాసినట్టు పరికరమే జవాబిస్తుంది కాబట్టి మొదటి ప్రశ్నకు ఇది బాగానే నిలబడుతుంది. ఆర్‌ఎస్ 485 (సీరియల్ వైరింగ్) నుంచి ఈథర్‌నెట్‌కు మార్చే కన్వర్టర్ మధ్యలో ఉన్నా జవాబు సాధారణంగా అసలు పరికరం నుంచే వస్తుంది.

ఇబ్బందంతా విలువల అర్థం దగ్గర. మోడ్‌బస్‌కు 16 బిట్ల రిజిస్టర్లు తప్ప మరేమీ తెలియవు. 180.5 డిగ్రీలను కంట్రోలర్ 1805గా తీసుకుంటుందా, 181గా తీసుకుంటుందా అన్నది మాన్యువల్ చూస్తేనే తెలుస్తుంది. మాన్యువల్‌లో 40001 అని ఉన్నది కోడ్‌లో 0 అవుతుంది, ఒకటి తప్పితే పక్క రిజిస్టర్‌లో రాస్తారు. దశాంశ సంఖ్యను రెండు రిజిస్టర్లలో పెట్టేటప్పుడు ఏ సగం ముందు రావాలో ప్రమాణం ఏమీ చెప్పలేదు, కంపెనీకో పద్ధతి. సగాలు తారుమారైతే 50.0 రాసినప్పుడు పరికరంలో దాదాపు సున్నా కనబడుతుంది. 50.1 రాస్తే 27 పక్కన ఇరవై రెండు సున్నాలంత సంఖ్య అవుతుంది. టెస్టింగ్‌లో 50.0, 100.0 లాంటి గుండ్రటి సంఖ్యలతోనే ఆపేసేవాళ్లకు ఆ రెండో రకం తప్పు సైటులోనే కనబడేది. 50.1 లాంటి వాటితో తప్పకుండా పరీక్షించండి.

వీఎఫ్‌డీల విషయంలో ఇంకో గండం ఉంది. చాలా డ్రైవ్‌లలో పారామీటర్ రాస్తే అది ఈఈప్రామ్‌లో శాశ్వతంగా సేవ్ అవుతుంది. ఈఈప్రామ్‌కు రాతల పరిమితి ఉంటుంది, మామూలుగా లక్ష చుట్టుపక్కల. సెకనుకోసారి రాసే లూప్ పెట్టారా, రోజుకు 86,400 రాతలు. రెండో రోజు మధ్యాహ్నానికే లక్ష దాటేస్తుంది. వేగం మార్చడానికి డ్రైవ్‌లో విడిగా కమాండ్ రిజిస్టర్ ఉంటుంది, అది ర్యామ్‌లోనే ఉంటుంది, దాన్నే వాడండి. పారామీటర్లు మార్చక తప్పకపోతే విలువ నిజంగా మారినప్పుడే రాయండి.

మామూలు మోడ్‌బస్‌లో పాస్‌వర్డ్ అనే మాటే లేదు. నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా రాయొచ్చు. 502ను రౌటర్‌లో బయటికి తెరిచి ఇంటి నుంచి చూసుకుంటున్నాం అనేవాళ్లు ఇవాళే మూసేయండి.

సీమెన్స్ వాళ్ల పీఎల్‌సీకి స్నాప్7 లైబ్రరీతో 102 పోర్టు మీద నేరుగా రాసే దారి కూడా ఉంది. దానికి ఎస్7-1200, 1500లలో పుట్, గెట్ (బయటి నుంచి రాసే, చదివే) అనుమతి తెరవాలి, డేటా బ్లాక్ ఆప్టిమైజేషన్ తీసేయాలి. బైట్ లెక్క ఒక్కటి తప్పితే పక్క వేరియబుల్ మీద రాసేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. చదవడానికి సరే. రాయడానికి, అదే పీఎల్‌సీలో యూఏ ఉండగా, ఎందుకు?

చెరువు గట్టుకు ఎంక్యూటీటీ

దూరంగా, 4జీ సిమ్ మీద, స్థిరమైన ఐపీ అడ్రసు లేకుండా ఉన్న చోటికి ఎంక్యూటీటీ (బ్రోకర్ అనే మధ్య సర్వర్ ద్వారా మెసేజ్‌లు పంపే ప్రోటోకాల్) సహజంగా సరిపోతుంది. పరికరమే బయటికి కనెక్ట్ అవుతుంది కాబట్టి పోర్టులు తెరవనక్కర్లేదు. చదవడానికి దీన్ని మించింది లేదు. రాసేటప్పుడు మాత్రం దీని మంచి గుణాలే ఎదురు తిరుగుతాయి.

వన్నామి రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. రాత్రి 11 గంటలకు ఆక్సిజన్ బాగానే ఉందని ఎవరో ఫోన్‌లో రెండు ఏరేటర్లు ఆఫ్ నొక్కారు. అప్పుడే గట్టు మీద నెట్ పోయింది. ఆదేశం బ్రోకర్ దగ్గర క్యూలో కూర్చుంది. 4 గంటలకు నెట్ వచ్చింది, ఆఫ్ ఆదేశం నింపాదిగా దిగింది. పర్సిస్టెంట్ సెషన్ (పరికరం లేనప్పుడు వచ్చిన మెసేజ్‌లను దాచి ఉంచే సెట్టింగు) పెట్టుకుంటే ఇలాగే జరుగుతుంది, అది ఎంక్యూటీటీ లోపం కూడా కాదు, మనం అడిగిందే చేసింది. రిటెయిన్ గుర్తు (చివరి మెసేజ్‌ను బ్రోకర్ దగ్గర దాచమనేది) పెట్టి ఆదేశం పంపడం ఇంకా ఘోరం. పరికరం రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఆ పాత ఆదేశం మళ్లీ అందుతుంది. క్యూఓఎస్ 1 (రసీదు వచ్చేదాకా పంపే స్థాయి) పెట్టాం కాబట్టి చేరినట్టే అనుకోవద్దు. ఆ రసీదు ఇచ్చేది బ్రోకరే. పైగా క్యూఓఎస్ 1లో ఒకే మెసేజ్ రెండుసార్లు రావొచ్చు. ఆన్‌లో ఉంటే ఆఫ్ చెయ్, ఆఫ్‌లో ఉంటే ఆన్ చెయ్ అనే రకం ఆదేశం రెండుసార్లు వస్తే ఏమీ జరగనట్టే. ఎప్పుడూ పూర్తి విలువే పంపాలి. ఎంక్యూటీటీని ఫ్యాక్టరీల్లో ఎలా వాడాలో చెప్పే స్పార్క్‌ప్లగ్ ప్రమాణం రాసినవాళ్లకు ఇదంతా తెలుసు. అందుకే అందులో ఆదేశాలు క్యూఓఎస్ 0తోనే (రసీదు లేని స్థాయి), రిటెయిన్ లేకుండానే పంపాలని నియమం పెట్టారు.

కాబట్టి ఎంక్యూటీటీతో రాయాలంటే ఆదేశంలో టైం పెట్టండి, నిమిషం దాటిన దాన్ని గట్టు మీది కంట్రోలర్ పారేయాలి. 5వ వెర్షన్ అయితే మెసేజ్ ఎక్స్‌పైరీ ప్రోటోకాల్‌లోనే ఉంది. ఆన్, ఆఫ్ నిర్ణయం గట్టు మీదే ఉండాలి. ఫోన్ నుంచి వెళ్లేది హద్దు మాత్రమే: లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే అన్నీ వేయి, అలాంటిది. కంట్రోలర్ దాన్ని తీసుకున్నాక, తను ఇప్పుడు ఏ హద్దుతో నడుస్తోందో తిరిగి పబ్లిష్ చేయాలి. స్క్రీన్ మీద మీరు పంపిన విలువ చూపించకండి, అది తిరిగి చెప్పిన విలువ చూపించండి.

అసలు రాయకుండా కుదురుతుందా?

ఆఫీసు సాఫ్ట్‌వేర్ నుంచి రెసిపీలు వెళ్లాలనే చోట నేను ముందు ఇదే అడుగుతాను. డేటాబేస్‌లో ఒక టేబుల్ పెట్టి, స్కాడానే అందులోంచి తెచ్చుకుని ఆపరేటర్‌కు చూపించి, అతను ఓకే నొక్కాక పీఎల్‌సీలోకి పంపితే సగం టెన్షన్ తగ్గుతుంది. రోజుకు పది బ్యాచ్‌లుండే మిల్లుకు ఇది చక్కగా సరిపోతుంది. నిమిషానికి నిమిషం సెట్‌పాయింట్ మారాల్సిన చోట సరిపోదు.

ఎలా చేసినా ఒక ట్యాగ్‌కు ఇద్దరు రాసే పరిస్థితి రానివ్వకండి. ఆపరేటర్ హెచ్‌ఎంఐలో (మెషిన్ దగ్గరి స్క్రీన్‌లో) 85 పెడతాడు, మీ కోడ్ రెండు సెకన్లకు 80 చేస్తుంది. "అన్నా, సెట్‌పాయింట్ దానంతటదే మారిపోతా ఉందే!" అని ఫోన్ వస్తుంది. మూడోసారికి అతను మీ కంప్యూటర్ కేబుల్ పీకేస్తాడు, అతన్ని తప్పుపట్టలేం. లోకల్, రిమోట్ సెలెక్టర్ ఒకటి పెట్టి, లోకల్‌లో ఉన్నప్పుడు మీ ఇన్‌బాక్స్‌ను పీఎల్‌సీ పట్టించుకోకుండా చేయించండి. రిమోట్‌లో ఉన్నప్పుడు హెచ్‌ఎంఐలో ఆ గడి బూడిదరంగులో కనబడాలి.

కొనే ముందు

పరీక్షలకు డబ్బు పెట్టనక్కర్లేదు. ప్రోసిస్ వాళ్ల యూఏ సిమ్యులేషన్ సర్వర్, యూఏఎక్స్‌పర్ట్ క్లయింట్ ఉచితం. కెప్‌సర్వర్ లైసెన్సు లేకుండా రెండు గంటలు నడుస్తుంది, ఆగాక మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. మీ కోడ్ రాయలేకపోతున్న ట్యాగ్‌లోకి యూఏఎక్స్‌పర్ట్ రాయగలుగుతుంటే తప్పు మీ కోడ్‌లో ఉంది. అది కూడా రాయలేకపోతే సర్వర్ సెట్టింగులు చూడండి. ఈ ఒక్క పరీక్షతో సగం వాదనలు ముగుస్తాయి.

పైన చెప్పిన ఇన్‌బాక్స్, హార్ట్‌బీట్, సెలెక్టర్ అన్నీ పీఎల్‌సీ ప్రోగ్రాం మార్చగలిగితేనే సాధ్యం. మన ఫ్యాక్టరీల్లో చాలా ప్యానెళ్లు చెన్నై నుంచో కోయంబత్తూరు నుంచో హైదరాబాదు నుంచో తయారై వస్తాయి. ప్రోగ్రాం సోర్సు ఫైలు, పాస్‌వర్డ్ తయారుచేసినవాళ్ల దగ్గరే ఉండిపోతాయి. ఏ ప్రోటోకాల్ అని తేల్చుకోకముందే ఆ ఫైలు మీ చేతికి వస్తుందో లేదో తేల్చుకోండి. కొత్త ప్యానెల్ అయితే పర్చేజ్ ఆర్డర్‌లోనే సోర్సు ఫైలు, ట్యాగ్ జాబితా, యూఏ సర్వర్ లైసెన్సు అని మూడూ రాయించండి. కొన్ని పీఎల్‌సీలలో యూఏ సర్వర్ ఉన్నా దానికి లైసెన్సు విడిగా కొనాలి, అది సైటులో తెలిస్తే మళ్లీ అప్రూవల్ చుట్టూ తిరగాలి. పాత ప్యానెల్‌కు ఫైలు దొరకలేదా, హెచ్‌ఎంఐ ఇప్పటికే రాస్తున్న సెట్‌పాయింట్ ట్యాగ్‌లకే పరిమితం కండి. హద్దుల తనిఖీ మీ కోడ్‌లోనే పెట్టండి, విలువ మారినప్పుడే రాయండి, రాశాక రెండు సెకన్లాగి తిరిగి చదవండి. ఆన్, ఆఫ్ బిట్లను మాత్రం ఫైలు దొరికేదాకా ముట్టుకోకండి.